చింపని తేదీలు

2011 అక్టోబర్ 25. ఉదయం 10:20.

కురవిలోని అద్దెగదిలో ఊర్మిళ ట్రంకుపెట్టె తాళం పగిలి ఉంది. ల్యాప్‌టాప్ ఉంది. కెమెరా ఉంది. పోయింది ఒక్క నోట్‌బుక్.

"అందులో ఏముందమ్మా?" అడిగాడు ఎస్సై మాజిద్.

"నా పీహెచ్‌డీ, సార్. సర్కారు దవాఖానలు ఎట్ల పనిచేస్తున్నయని జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు తిరిగి రాసుకున్న. ఇక్కడి పల్లె దవాఖానకు జూలై సంది వారం వారం పోయిన."

"ఎవరికైనా చెప్పావా?"

"అండ్ల ఏం రాస్తున్నవని నిన్న ఇద్దరడిగిన్రు. కాంపౌండర్ తుల్సీరాం. తండా దేవ్యా."

దేవ్యా కూతురు భాగ్య పాము కరిచి, అక్టోబర్ 3న ఆ దవాఖాన గుమ్మంలోనే చనిపోయింది. తలుపుకు తాళం.

11:05. మాజిద్, ఊర్మిళ, దేవ్యాల ముందు తుల్సీరాం దవాఖాన తెరిచాడు. తాళంచెవి ఒక్కటే. అతని దగ్గరే ఉంటుంది.

"దేవ్యానే పట్టుకోండ్రి సార్. సర్కారు నౌకర్ల సమ్మెల తాళం పడి ఆయన బిడ్డ పాయె. గా సంగతి బయటికొస్తె ఉద్యమానికి మచ్చ గద, గందుకే పుస్తకం ఎత్కపోయిండు! గీయన రోజూ సమ్మె టెంటులనే కూసున్నడు."

దేవ్యా తలెత్తలేదు. "పట్టుకోండ్రి సార్. నా బిడ్డను నేనే సంపుకున్న."

మాజిద్ బల్ల మీద వేలితో గీశాడు. మందంగా దుమ్ము. గోడ మీది క్యాలెండర్ సెప్టెంబర్ 12 దగ్గర ఆగి ఉంది.

"సమ్మె మొదలైందెప్పుడు?"

"పదమూడుకు. అప్పటిదాంక రోజూ వచ్చిన. రోజుకో కాగితం చింపిన. సూడుండ్రి."

మాజిద్ ఇంకో వేలితో ఆ కాగితాన్ని రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు.

"నలభై రోజుల్లో బల్లకింత దుమ్ము పట్టింది. దీనికెందుకు పట్టలేదు తుల్సీరాం?"

తుల్సీరాం చూపు మందుల బీరువా వైపు పోయింది.

దాని వెనక నోట్‌బుక్ దొరికింది. దాంతోపాటు ఒక కాగితాల కట్ట. ముప్ఫై నాలుగు తేదీలు, ఒక్కసారే చింపినవి. పైకాగితం పసుపుబారింది, దుమ్ము పట్టింది. ఆగస్టు 9. కిందివన్నీ తెల్లగా ఉన్నాయి.

"కిటికీలకెల్లి సూసి అదే రాసిన సార్," అంది ఊర్మిళ. "ఆగస్టు సంది ప్రతి వారం. తాళం. క్యాలెండర్ మీద ఆగస్టు తొమ్మిది."

తుల్సీరాం గొంతు తగ్గింది. "ఇప్పుడేం లాభం సార్? సమ్మెతోనే మూసినమని రిపోర్ట్ పైకి పోయింది. ఇగ దాన్నెవ్వలు మార్వరు."

దేవ్యా కట్ట వైపు చూశాడు. అతనికి చదువు రాదు. "గండ్ల ఏమున్నది మేడం?"

"సమ్మెకు నెల ముందు సందే ఈ దవాఖాన తెర్వలేదని."

దేవ్యా ఆ పసుపు కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"పాముకాటుకు సమ్మె అడ్డం రాదని టెంటుల అన్నరు సార్. గందుకే గీడికి మోసుకొచ్చిన. ముందే తెలిస్తె మానుకోట పెద్దదవాఖానకు ఉరుకుతుంటి."