ఆదివారం మాటల పందెం

ముసురు పట్టిన ఆదివారాల్లో మేడ్చల్ స్టేషన్ మరింత బోసిగా కనిపిస్తుంది. ప్రార్థన ముగిశాక ఫిలిప్, షైని అక్కడి బల్ల మీద కూర్చుని పందెం ఆడేవారు. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే షైని, వారమంతా విన్న ఇంగ్లిషు మాటల్లో ఒకటి తెచ్చేది. బడి పంతులైన ఫిలిప్ దాన్ని తన తాత కాలపు నిఘంటువులో వెతికేవాడు. దొరికితే ఆమె, దొరక్కపోతే అతను చాయ్ ఇప్పించాలి.

మొదట్లో అతనే గెలిచాడు.

“సిల్లీ అంటే ఒకప్పుడు ధన్యజీవి అని అర్థం, తెలుసా?” అన్నాడొకసారి.

“అయితే నువ్వు మస్తు సిల్లీ,” అన్నది షైని. ఆ రోజంతా అతనికి నవ్వు ఆగలేదు.

రెండువేల మూడు వచ్చేసరికి పందెం తిరగబడింది. ఆ నిఘంటువులో ఈమెయిల్ లేదు. వెబ్‌సైట్ లేదు. మౌస్ ఉంది గానీ, ఎలుకగానే ఉంది.

“ఇంకా గా ఎలుకకాడనే ఉన్నవా?” అన్నది షైని.

ఫిలిప్ నవ్వాడు. లోపల మాత్రం ఏదో కుంగింది. మాటలు నడిచిపోతున్నాయి, వాటి వెంట ఆమె నడిచిపోతోంది; తానే చివికిన పుటల నడుమ నిలిచిపోయాడు.

ఆగస్టులో ఒక ఆదివారం ఆమె మాట తేలేదు.

“కంపెనీ బెంగళూరు పంపుతాంది. రెండేండ్లు. ఇయ్యాల్నే బండి.”

“మంచిది.”

“గంతేనా?”

“నీ మాటలు ఇప్పటికే నాకు అందుతలేవు షైనీ. ఆడికి పోతే ఇంకా కొత్తయి వస్తయి. గీ పాతోనితోని ఏం మాట్లాడతవు?”

ఆమె అతని ఒళ్లోని నిఘంటువు మీద చెయ్యి వేసింది.

“కొత్త మాట యాడైనా దొరుకుతది. అది యాడ్నుంచి నడిసొచ్చిందో చెప్పేటోడు నాకు నువ్వొక్కనివే. అన్ని ముచ్చట్లు చెప్తివి, అసలుది చెప్పకపోతివి.”

“నువ్వంటే ఇష్టం,” అన్నాడు నేల చూస్తూ. “మొదటి ఆదివారం నుంచి.”

“నాకు తెల్సు. నాయినకు తెల్వది. అగో, ఆడున్నడు.”

టికెట్ల కిటికీ బయట, కూతురి పెట్టె పక్కన పెట్టుకుని, గొడుగు కింద ఏలియా నిలబడి ఉన్నాడు. ఫిలిప్ వానలోనే నడిచి వెళ్లాడు. ఇన్నేళ్లూ ‘పెద్దయ్యా’ అని పిలిచిన మనిషిని, “మామా” అన్నాడు.

ఏలియా అతని ముఖంలోకి చూశాడు, దూరంగా తల వంచుకున్న కూతుర్ని చూశాడు.

“రెండేండ్లు ఆగుతవా?”

“ఆగుత.”

గొడుగు కొద్దిగా ఫిలిప్ మీదికి జరిగింది. బండి వచ్చింది, షైనిని ఎక్కించుకుని వెళ్లింది. ఆ ఇద్దరు మగవాళ్లు, చాలాసేపు, అదే గొడుగు కింద నిలబడ్డారు.