ఎనిమిదింటి బిళ్ళ

ఉదయం ఆరింటికి మస్తాన్‌రావు జబ్బలోని ఔషధబీజం తన మూడో అరను కూడా మూసేసుకుంది. చిలకలూరిపేట సంరక్షణ కేంద్రంలో గోడ తెరమీద ఆ సంగతి చెప్పే ఎర్ర గీతను పరిశీలకురాలు నైనిక చూసింది. నాలుగు నెలల్లో మూడు అరలు! ఇక మిగిలింది ఒక్కటే. వెంటనే ఆయనకు కబురు పెట్టింది.

ఔషధబీజాన్ని జనం గింజ అనే అంటారు. చింతగింజంత ఉంటుంది; లోపల నాలుగు అరలు, అరకో మందు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళ చర్మం కింద కూర్చుని గంటగంటకూ రక్తాన్ని చదువుతుంది. ఏ మందు పడకపోతే ఆ అర మూసి మరో అర తెరుస్తుంది. అది వచ్చాక రోజూ బిళ్ళ మింగే పని తప్పింది. నెలనెలా సీసా తెచ్చి మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టించుకునే పద్ధతీ పోయింది. పీడ విరగడైందని అందరికంటే ఎక్కువ సంతోషించింది నైనికే.

ఏడున్నరకల్లా మస్తాన్‌రావు వచ్చాడు. లారీలకు ఇంకా డ్రైవర్లు కావలసిన రోజుల్లో కలకత్తా దాకా నడిపినవాడు. ఆ తిరుగుళ్ళలోనే జబ్బు తెచ్చుకున్నాడు. వెంట వచ్చిన భార్య స్రవంతి వరండాలోనే కూర్చుంది. అదృష్టం బాగుండి ఆవిడకు సోకలేదు.

“బాబాయ్,” అంది నైనిక, “వైరస్ మన కణంలో దూరి తన రాతకు నకలు తీస్తుంది. మొదటి రెండు అరల మందులూ ఆ నకలును చెరో దారిలో ఆపుతాయి. మూడోది ఆ నకలు మన జన్యువులకు అతక్కుండా చూస్తుంది. మొదటిది మీ మూత్రపిండాలకు పడలేదు. రెండోదానికి పీడకలలొచ్చాయి, మూడోదానికి నిద్ర పట్టలేదు.”

“మరి నాలుగోది?”

“వైరస్ తన ముక్కలు కత్తిరించుకుని కొత్తగా తయారవకుండా ఆపుతుంది. విరేచనాలవుతాయి, కొవ్వు పెరుగుతుంది. అదన్నా ఓర్చుకోవచ్చు. కానీ మొదటి మందు ఆపినా మూత్రపిండాలు పాడవుతూనే ఉన్నాయి. ఎందుకో గింజకు తెలియట్లేదు, నాకూ తెలియట్లేదు. ఈ అరా మూసుకుంటే వైరస్ లేస్తుంది బాబాయ్. నాకు భయంగా ఉంది.”

మస్తాన్‌రావు తల దించుకున్నాడు. సరిగ్గా ఎనిమిదికి అతని చేతి గడియారం మోగింది.

తలుపు తోసుకుని స్రవంతి లోపలికి వచ్చింది. కొంగుచాటు నుంచి స్టీలు డబ్బీ తీసి, ఒక బిళ్ళ అతని అరచేతిలో పెట్టి, నీళ్ళ సీసా అందించింది.

“మందేసుకో.”

నైనిక వారించేలోపే అతను మింగేశాడు. ఆవిడ వచ్చినట్టే వెళ్ళిపోయింది.

“బాబాయ్! అది పాత బిళ్ళ కదా? అందులో ఉన్నది ఆ మొదటి మందే! గింజ మందుతో కలిసి రెట్టింపై మూత్రపిండాలను దెబ్బతీసింది, ఇప్పటికీ కోలుకోనివ్వట్లేదు. రక్తంలో ఏది కనిపించినా గింజ తనదే అనుకుంటుంది. గింజ పెట్టినరోజే చెప్పాంగా, బిళ్ళలు మానెయ్యమని?”

“చెప్పారమ్మా. నేనే ఇంటిదానికి చెప్పలా. పాత సీసా అయిపోతే బయట కొని తెచ్చా.”

“ఎందుకు?”

“నా జబ్బు సంగతి తెలిసి పందొమ్మిదేళ్ళు. ఆనాటి నుంచి నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా పిల్లలతో చెప్పిద్ది. పొద్దున ఎనిమిదింటికి మాత్రం ఈ ఒక్క ముక్క అంటది.” గడియారం పట్టీ సర్దుకున్నాడు. “అదీ పోద్దని...”

నైనికకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఒకప్పుడైతే సీసా తెప్పించి లెక్కపెట్టేది, మొదటి నెలలోనే దొరికిపోయేవాడు. వరండాలోకి వెళ్ళి స్రవంతిని పిలుచుకొచ్చి, అతనెందుకు దాచాడో సహా అంతా చెప్పింది.

“అంటే ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే...” స్రవంతి డబ్బీ బల్లమీద పెట్టి దూరంగా నెట్టింది. భర్త వైపు చూడకుండా నైనిక వైపు తిరిగింది.

“మరి రేప్పొద్దున ఎనిమిదింటికి” అంది, “నేనేమనాలమ్మా?”