గిటార్ ట్రాక్‌లో గొంతు

"ఆపు! మళ్లీ వచ్చింది!"

గాయని హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేసింది. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఐదింటికల్లా పాట నిర్మాతకు చేరాలి. సొంతంగా ట్యూన్ కట్టే కొత్తవాళ్లకు మాత్రమే అతను ఇస్తున్న అవకాశం. ఆమెకు ఇదే మొదటిది.

గిటారిస్టు మౌస్ వదిలేశాడు. ఆ చిన్న స్టూడియోలో వాయించేదీ, రికార్డు చేసేదీ అతనే.

"నీ గొంతే లీకై ఉంటుంది."

"నా ట్రాక్ మ్యూట్ చేసి అరగంటైంది మహానుభావా!"

నిజమే. మోగుతున్నది గిటార్ ఒక్కటే. రెండో తీగ శ్రుతి తప్పిందని పొద్దున్న పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి, సౌండ్ కాస్త పెంచాడు. అప్పటినుంచీ తీగల వెనక ఎవరో పాడుతున్నారు. ఆడ కాదు, మగ కాదు. ఊపిరి తీసుకోని గొంతు. మాటలు లేవు. కానీ పాడుతున్నది ఆమె కట్టిన చరణం ట్యూనే.

"ఈ గిటార్ ఎప్పుడు రికార్డు చేశావు?"

ఫైలు తేదీ చూశాడు. "పన్నెండున."

"నేను చరణం కట్టింది ఇరవై రెండున." ఆమె మాట సన్నబడింది. "నేను కట్టకముందే నా పాట ఎవరు పాడారు?"

కిటికీ అద్దం మీద వాన వేళ్లతో తట్టింది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. ఒకేసారి కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"నీకు భయం," అంది.

"నాకా? నీకు తోడుగా జరిగాను."

"నా చెయ్యి వదిలి చెప్పు ఆ మాట."

వదల్లేదు.

కంప్యూటర్ తెర మీద ఒక్కో స్వరం ఒక్కో నారింజ రంగు మచ్చ. తీగల మచ్చల కింద ఎవరూ వాయించని మచ్చలు పాములా పాకుతున్నాయి.

"కరెక్షన్ తీసెయ్. అసలు రికార్డింగ్ వినిపించు."

తీసేసి స్పీకర్లలో పెట్టాడు. గొంతు మెల్లగా కిందికి దిగింది. లోహపు మెరుపు పోయింది. ఊపిరి వచ్చింది. మధ్యలో చిన్న దగ్గు.

స్టూడియో ఓనరు, అతని బాబాయ్, గొడుగు దులుపుకుంటూ వచ్చి పకపకా నవ్వాడు. "ఒరేయ్, నీ కూనిరాగం కూడా రికార్డు చేశావట్రా? వీడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. చేతులు తీగల మీద పడితే నోరు ఊరుకోదు. చెబితే ఒప్పుకోడు!"

తీగల కింద అణిగి ఉన్న ఆ కూనిరాగాన్ని సాఫ్ట్‌వేర్ పైకి లాగి, బిగించి, దెయ్యాన్ని చేసింది. అంతే.

గిటారిస్టు నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. అతను ఇచ్చిన ఆ ట్రాక్ పది రోజులు ఆమె చెవుల్లో మోగింది. బస్సులో, వంట చేస్తూ, కళ్లు మూతలు పడేదాకా. ఆ తర్వాతే చరణం 'తట్టింది'.

ఆమె మొహం పాలిపోయింది. బాబాయ్ సంగతి పసిగట్టి టీ వంకతో బయటికి జారుకున్నాడు.

"తుడిచేస్తాను," అన్నాడు గిటారిస్టు. "నిమిషం పని. ఎవరికీ తెలీదు."

"ట్యూన్ నీది."

"నాకు గుర్తే లేదు. నాదెలా అవుతుంది?"

"సగంలో దగ్గావు కూడా!"

"ఆ రోజు నువ్వు ఎదురుగా సోఫాలో కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటున్నావు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "వాయించింది గుర్తుంది. పాడింది గుర్తు లేదు. నువ్వు లేకపోతే అది వచ్చేదే కాదు. అందుకే నీదంటున్నాను."

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. నిర్మాత.

"ఏమ్మా, పాట పంపుతున్నావా? ట్యూన్ నీదే కదా? అందులో తేడా వస్తే ఒప్పుకోను సుమా."

గిటారిస్టు వేలు డిలీట్ బటన్ మీదికి వెళ్లింది. ఆమె ఆ వేలిని గట్టిగా పట్టుకుంది.

"ట్యూన్ నా పక్కన కూర్చున్న మనిషిదండీ." ఊపిరి తీసుకుంది. "దొంగిలించింది నేను."