మడ అడవిలో కట్టేసిన వాన

“మా వానను దాచింది మీరే. ఆ నేరం భూతం మీదకు తోసెయ్యకండి.”

సముద్రం ఒడ్డున రాజుగారి విహారవనం ముందు నిలబడి మరిడి ఈ మాట అనేసింది. మరిడి జాలర్ల పేటలో వలలు అల్లే పోలయ్య కూతురు. లోపల పూలు, కోయిలలు, రాజుగారి అతిథులు. అక్కడ వసంతం వచ్చి కూర్చుంది, లేవడం లేదు. బయట వాన లేక ఏరు సముద్రంలో కలిసే మొగను ఇసుక మూసేసింది. గుడ్లు పెట్టే చేపలకు ఏట్లోకి దారి లేదు. వానకాలం వెళ్తేనే కదా చలికాలం. అదే రాకపోతే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎందుకు ఒడ్డెక్కుతాయి? పేటలో పొయ్యి వెలగడం మానేసింది.

వనాధికారి చిత్రాంగుడు నవ్వాడు. “వానను మడ అడవి భూతం పట్టింది. రాకుమారులే కత్తులతో వెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. విడిపించినవారికి ఈ వనం ఇస్తామన్నారు ప్రభువు. వెళ్తావా?”

“ఎల్తాను. తమరింత తొందరగా పంపుతున్నారంటే దారిలో ఏటో పెట్టే ఉంటారు.”

పెట్టాడు కూడా. మడచెట్ల నడుమ ఒక కాలువ తియ్యటి నీళ్లతో మెరిసింది. ఉప్పునేలలో తియ్యటి నీళ్లేమిటి? మరిడి పుల్ల ముంచి చూసింది. పుల్ల రాయైపోయింది. చెట్ల వేళ్ల మీదుగా నడిచి దాటింది.

అవతల బండంత పీత ఎదురై, అచ్చం పోలయ్య గొంతుతో పిలిచింది. “మరిడీ, నా వీపెక్కవే.”

“మా అయ్య నన్ను ముసిలిదానా అంటాడు. పోయి సరిగ్గా నేర్చుకొని రా.”

పీత అడ్డంగా జారుకుంది.

అడవి నడుమ పెద్ద వల. వలలో నల్లమబ్బు మూలుగుతోంది. పక్కనే అదే తాడుతో కట్టేసిన భూతం.

“నేను పట్టలేదు తల్లీ. అడ్డుపడ్డానని నన్నూ కట్టేశారు. ఆ ముడి చూడు.”

వల కొట్టుకుపోతే ఎవరిదో తెలియాలని పేటలో ఇంటికొక ముడి ఉంటుంది. ఈ ముడి ఎడమకు రెండు చుట్లు తిరిగి లోపలికి దూరింది. అది పోలయ్య ముడి.

మరిడి వనంవాళ్లను అనుమానించింది కానీ, తన ఇంటిని అనుకోలేదు.

“కత్తి తగిలితే ఇది బిగుస్తుంది. ఆ ఇంటి చెయ్యే విప్పాలి,” అంది భూతం. “కానీ వరదకు వల రాజు ముందుకే కొట్టుకుపోతుంది. మీ అయ్య పని అందరికీ తెలుస్తుంది.”

“తెలవనీ.”

విప్పింది. వాన దూకింది. భూతం ఒళ్లు విరుచుకొని అడవిలోకి పోయింది. ఏరు ఇసుకను కోసుకొని సముద్రంలో కలిసింది. వల విహారవనం గుమ్మానికి చుట్టుకుంది. మరిడి వచ్చేసరికి రాజు, పేటజనం ఆ ముడినే చూస్తున్నారు.

పోలయ్య తల వంచుకొని కూలబడ్డాడు. “వానకాలమంతా పడవలు ఒడ్డెక్కించి పస్తులుండాలి కదే ముసిలిదానా. వాన లేకపోతే ఏడాది పొడుగునా చేపలవేటేనన్నాడు చిత్రాంగుడు బాబు. పేటంతా సరేనంది, నీకే చెప్పలేదు. నాను అల్లాను.”

చూశారా పిల్లలూ, వసంతం ఒకడికి, వేట ఇంకొకడికి. వాన ఎవరికీ అక్కర్లేకపోయింది.

రాజు చిత్రాంగుణ్ణి వెళ్లగొట్టి, వనాన్ని మరిడికి ఇచ్చి, తాళాలు అందించబోయాడు. మరిడి వాటిని అందుకోలేదు.

“తాళాలు తరవాత. ముందు వనం గాదెలు తెరిచి పేటకు గింజలు పంపండి. పడవలన్నీ ఇప్పుడే పైకి లాగండి. చేపలు గుడ్లు పెట్టి పోయేదాకా ఎవరి వలా నీళ్లు తాకకూడదు. అతిథులు కూడా వచ్చి తాడు పట్టండి. లే అయ్యా, మొదటి పడవ మనది.”