చెవుల తాత విన్న మాట

"బయటికి తోలు! ముందు ఆ గొర్రెల్ని బయటికి తోలు!"

గుహ చీకట్లోంచి ఆడగొంతు ఖంగున మోగేసరికి రమణ గుమ్మంలోనే ఆగిపోయాడు. గొర్రెలు మాత్రం ఆగలేదు. వెనక కుండపోతగా వాన. వాటికి ఆడగొంతైతే ఏంటి, మగగొంతైతే ఏంటి!

"ఇంత వానలో యాడికి తోలమంటావక్కా?"

"అన్నా, ఇది గొర్రెల దొడ్డి కాదు. బౌద్ధుల గుహ."

"మా జేజినాయన కాలం నుంచి దొడ్డేనక్కా. నువ్వెప్పుడు వచ్చినావు?"

"పొద్దున."

అనేసి ఆమే నవ్వేసింది. రమణకూ నవ్వొచ్చింది. ఒక పొట్టేలు ఆమె కెమెరా బ్యాగును వాసన చూస్తోంది.

ఆ ఒక్క 'అక్కా' తన కొంప ముంచుతుందని అప్పుడతనికేం తెలుసు! బేస్తవారిపేట పక్కల మనిషిని వరస పెట్టకుండా పిలిస్తే నోటికి రుచుండదు. బస్సు కండక్టరు మామ, మందుల షాపాయన బాబాయి. ఆ అలవాటున ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండానే అనేశాడు మహానుభావుడు.

ఆమె పేరు శిల్ప. పొదిలి పిల్ల. పాత శిల్పాల మీద రీసెర్చ్ చేస్తోంది. పది రోజులు ఈ గుట్ట మీది బొమ్మలన్నీ ఫొటోలు తీసుకోవడానికి పర్మిషన్ తెచ్చుకుంది.

"పది రోజులెందుకక్కా? ఇక్కడుండేది మా చెవుల తాత ఒక్కడే గదా?"

చెవుల తాత అంటే వెనక గోడలో కళ్లు దించుకుని కూర్చున్న బుద్ధుడు. చెవులు భుజాల దాకా సాగి ఉంటాయి. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఉంటే ఆ చెవిలో చెప్పుకుని పోవడం చుట్టుపక్కల ఊళ్ల ఆచారం. అక్కడ చెప్పిన మాట గుట్ట దిగదని నమ్మకం.

శిల్ప టార్చి తీసి గోడకు ఆనించి, వెలుతురును పక్కనుంచి పారించింది.

"ఇప్పుడు చూడన్నా."

రమణ చూశాడు. ఉట్టి బండ అనుకున్న గోడ నిండా మనుషులు! పూలదండలు పట్టుకుని గాల్లో తేలేవాళ్లు, చేతులు జోడించినవాళ్లు, తొండం ఎత్తిన ఏనుగులు. పైన దూలాలు, వాసాలు, చివరికి వాసాల చీలలు కూడా. అంతా ఒకే రాయి. కొయ్యముక్క ఒక్కటీ లేదు. తాత పాదాల దగ్గర రెండు చిన్న జీవాలు మెడలెత్తి ఆయన ముఖంలోకి చూస్తున్నాయి.

"గొర్రెపిల్లలు!" అన్నాడు సంబరంగా.

"జింకలన్నా."

అతను గోడను చేత్తో తడిమాడు. "చిన్నప్పటి నుంచి ఈ గోడకే వీపు ఆనించి నిద్రపోయినా గదక్కా. ఒక్కసారన్నా తిరిగి చూడల్యా."

"వానాకాలమంతా భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఇట్లాంటి గుహల్లోనే ఉండేవాళ్లంట."

"అయితే వానకు తడవలేక వచ్చింది మా గొర్రెలే కాదన్నమాట."

శిల్ప చప్పున తలెత్తి అతని వైపు చూసింది. ఆ చూపుతోనే రమణ పని అయిపోయింది.

మర్నాటి నుంచి మందను అవతలి వాలుకు తోలాడు. గుహలో గొర్రెల పెంటికలన్నీ ఊడ్చాడు. పక్కన మట్టితో పూడిపోయిన చిన్న గదిని తనే పలుగు పట్టి తవ్వాడు. రెండు గదుల మధ్య గోడలో, తాత చెవికి దగ్గర్లోనే, అటూ ఇటూ తెరిచిన ఒక దీపం గూడు బయటపడితే, అందులోని మట్టి కూడా చేత్తో తోడేశాడు. ఒక దీపం పెడితే రెండు గదులకూ వెలుగొచ్చేలా తొలిచారని శిల్ప మురిసిపోయింది.

రోజూ మధ్యాహ్నం రమణ తల్లి అంకాలమ్మ సంగటి తెచ్చేది. "కోడలా, రెండు ముద్దలు తినమ్మా, ఎండిపోతుండావు" అని పక్కన కూర్చోబెట్టుకునేది. శిల్ప ఆమెతో గుసగుసలాడేది. రమణతో మాత్రం "అన్నా, ఆ టేపు పట్టుకో." అతను "సరేనక్కా" అనేవాడు. అన్నప్పుడల్లా నాలుక కొరుక్కునేవాడు.

పదో రోజు వాన తెరిపిచ్చింది.

"ఆటో వచ్చేదాకా ఉండక్కా. ఎండ కాసింది. తాత కళ్లు తెరుస్తాడు."

పడమటి ఎండ గుమ్మంలోంచి లోపలికి పాకింది. జింకల మెడల మీదికెక్కింది. ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని, మెడను, పెదవుల్ని తాకింది. దించుకున్న రెప్పల కిందికి చేరగానే, నిజంగానే ఆ కళ్లు మెల్లగా విచ్చుకున్నట్టయింది. శిల్ప చేతిలో కెమెరా ఉంది. ఫొటో తీయాలన్న ధ్యాస లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, ఆ వెలుతురు జారిపోయేదాకా అలాగే నిలబడ్డారు.

"సామాను సర్దుకోవాలి" అంటూ ఆమె పక్క గదిలోకి వెళ్లిపోయింది.

రమణ తాత చెవి దగ్గర నోరు పెట్టాడు.

"తాతా, పోతాండాది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. అక్కా అని పిలిచిన నోటితో ఆ మాట ఎట్ల చెప్పేది? నువ్వే ఏదన్నా దోవ చూపించు."

"అక్కా అని పిలవమని నీకెవరు చెప్పినారు?"

రాయి పలికింది! రమణ కళ్లు గట్టిగా మూసుకుని చేతులు జోడించాడు. "తప్పయింది తాతా!"

"తాత కాదు. గూట్లోకి చూడు."

చూశాడు. తను తోడిన గూడే. అవతల నుంచి రెండు కళ్లు నవ్వుతున్నాయి.

"మీ అమ్మ మొదటి రోజే కోడలా అనె. నువ్వేమో అక్కా అంటివి. మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మేది నేను?"

"అమ్మ ఊరికే ముద్దుకు..."

"ముద్దుకు కాదు. దర్శిలో ఉండే చుట్టాల లెక్కన మా నాయన మీ అమ్మకు అన్న వరస. ఆ రోజే మీ అమ్మా నేనూ తేల్చుకున్నాం. నువ్వెప్పుడు నోరు దిద్దుకుంటావా అని పది రోజులు చూసినా."

"మరి నువ్వు అన్నా అంటివే!"

"అక్కా అన్నోణ్ణి ఇంకేమంటారు?"

రమణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుట్ట కింద ఆటో హారన్ మోగింది. వెంటనే గుమ్మం బయటినుంచి అంకాలమ్మ కేక.

"కోడలా! ఆటో వచ్చింది!"

శిల్ప గూట్లోంచి అతని ముఖంలోకి చూస్తూనే, గుహ మారుమోగేలా బదులిచ్చింది.

"వస్తున్నా అత్తా!"