బొండం నీళ్ళు

పొద్దున్నే కూతుర్ని వెయిట్ మిషన్ మీద నిలబెట్టడం లావణ్య మొదటి పని. గీతలు గీసిన సీసాలో ముప్పావు లీటరు నీళ్ళు పట్టడం రెండోది. ఆరేళ్ళ దుర్గాశ్రీకి రోజంతా అవే నీళ్ళు. గుండె కండరం సాగి నీరసించిందనీ, ఒంట్లో నీరు చేరితే ఆ గుండె మోయలేదనీ కాకినాడ డాక్టరుగారు చెప్పి నాలుగు నెలలైంది.

"ఎంతుందమ్మా?" గుమ్మంలోంచి అడిగింది అత్తగారు ఆదిలక్ష్మి.

"పదిహేడు కిలోలా ఎనిమిదొందలు. నిన్నటికి నాలుగొందలు పెరిగింది."

"పోన్లే, ఒళ్ళు చేస్తోంది పిల్ల."

"అది ఒళ్ళు కాదండీ, నీరు! ఎలా పెరుగుతోందో ఏమో."

"అసలు ఏవేం పెట్టకూడదన్నారు డాక్టరుగారు?"

"మీకర్థం కాదులెండి అత్తయ్యగారూ."

ఆ మాట ఆదిలక్ష్మికి కొత్త కాదు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత అందులోనే ఒక వెసులుబాటు కనిపించింది. అర్థం కాని మనిషిని తప్పు పట్టేదెవరు? కూరలో ఉప్పు లేదు, నీళ్ళకు గీతలున్నాయి. పిల్లకు తన చేత్తో ఇవ్వడానికి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు.

ఒక్కటి తప్ప.

మధ్యాహ్నం పెరట్లో కొబ్బరికాయల రాశి వెనక్కి, మామ్మ దగ్గరికి, దుర్గాశ్రీ మెల్లగా వచ్చింది.

"మామ్మా, నోరెండిపోతోందే."

ఆదిలక్ష్మి కత్తితో బొండం చెలిగి పిల్ల నోటికి అందించింది. పది రోజులుగా ఇదే వరస. వద్దన్నది నీళ్ళు కదా, ఇది బొండం. జ్వరం వచ్చినవాళ్ళకైనా, వాంతులైనవాళ్ళకైనా ఆ ఊళ్ళో ముందు పట్టేది ఇదే.

"అమ్మకి చెప్పకేం."

"ఆయ్," అంది పిల్ల, మూతి తుడుచుకుని పెద్దదానిలా.

సాయంత్రానికి దుర్గాశ్రీ మంచంమీద వాలిపోయింది. పిలిస్తే కళ్ళు తెరవలేదు. కారు ముమ్మిడివరం దాటి కాకినాడ చేరేవరకూ లావణ్య వేళ్ళు పిల్ల మణికట్టు వదల్లేదు.

రక్తపరీక్ష కాగితంతో డాక్టరుగారు బయటికొచ్చారు. "పొటాషియం బాగా పెరిగిందమ్మా. గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. మేం ఇచ్చే మందుల వల్లే అది ఒంట్లో కొంత నిలవుంటుంది. అరటిపళ్ళు గానీ, కొబ్బరినీళ్ళు గానీ ఇచ్చారా?"

"లేదండీ," అంది లావణ్య.

"నేను పోసేనండీ," వెనకనుంచి వినబడింది. "రోజూ పోసేను."

డాక్టరుగారు లోపలికి వెళ్ళేదాకా లావణ్య ఆగింది.

"చంపేద్దావనుకున్నారా దాన్ని?"

"దాహమందమ్మా."

"నన్నడగదా? రాత్రుళ్ళు నా కొంగు పట్టుకుని అడుగుతుంది. లేదంటాను. కన్నతల్లిని, నేనే లేదంటాను! మీరేమో మంచి మామ్మ అనిపించుకుంటారు!"

ఆదిలక్ష్మి గోడకు ఆనుకుంది. అది అబద్ధం కాదు. పిల్ల గుటకలు వేస్తుంటే తనకు కలిగిన సంతోషం దాహం తీర్చినందుకే కాదు, గెలిచినందుకు కూడా.

"నిజమేనమ్మా," అంది. "కానీ నాకెవరు చెప్పేరు? అర్థం కాదన్నావు."

పెట్టకూడనివన్నీ రాసిచ్చిన కాగితం లావణ్య చేతిలో ఫైల్లోనే ఉంది. నాలుగో వరుసలో కొబ్బరినీళ్ళు. ఆ ఇంట్లో అది చదివింది తనొక్కతే. అర్థం చేసుకునే హక్కు కూడా తన ఒక్కదానిదే అనుకుంది.

మూడోరోజుకు దుర్గాశ్రీ తేరుకుంది. తల్లి మొహం చూసి గొణిగింది. "నేను చెప్పలేదమ్మా. ఎవరు చెప్పేసేరు?"

లావణ్య మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంటికొచ్చిన రోజు, పిల్ల నిద్రపోయాక, లావణ్య ఫైలు తెచ్చి అత్తగారి పక్కన కింద కూర్చుంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఏ మందు ఎందుకో, ఏది తింటే ఏమవుతుందో చెప్పింది. ప్రతిదానికీ "ఆయ్" అంటూ వింది ఆదిలక్ష్మి.

చివరికి అడిగింది. "నయమవుద్దని ఎక్కడుందమ్మా?"

లావణ్య కాగితం తిప్పింది. వెనకవైపు ఖాళీగా ఉంది.

"రాయలేదత్తయ్యా. నేనూ వెతికేను. రోజూ వెతుకుతున్నాను."

ఆదిలక్ష్మి కోడలి తల దగ్గరికి లాక్కుంది. నాలుగు నెలల్లో లావణ్య ఇంకొకరి ముందు ఏడవడం అదే మొదలు.

లోపల మంచం కిర్రుమంది. "మామ్మా, దాహం."

ఆదిలక్ష్మి కదల్లేదు. కోడలివైపు చూసింది. లావణ్య లేచి, సీసా తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"ఒక గీత వరకూ పొయ్యండి."

ఆదిలక్ష్మి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గీత దగ్గర బొటనవేలు ఆనించి, లోపలికి నడిచింది.