కప్పు ఇచ్చే చెయ్యి

"నిరుటి కాయ కన్నా ఇది చిన్నదేనండీ," అంది కార్‌డేల్ కౌంటెస్, గిడియన్ లమ్లీ చేతిలో గెలుపు కప్పు పెడుతూ.

గిడియన్ ఆ యార్క్‌షైర్ పల్లెకు స్టేషన్ మాస్టరు. ఎవరి గూస్‌బెర్రీ కాయ ఎక్కువ తూగుతుందో చూసే పోటీలో వరసగా ఆరోసారి గెలిచాడు. గుడారం నిండా జనం ఉండగా ఆ మాట పడేసరికి తల కొట్టేసినట్టయింది.

"కాయ పెంచడమంటే కప్పు ఇచ్చినంత తేలిక కాదు దొరసానిగారూ," అన్నాడు.

మర్నాడు ఆమె స్టేషన్‌కి వచ్చింది. టికెట్ కోసం కాదు. చేతిరుమాల్లోంచి ఒక కాయ తీసి, అతను తన కాయలు తూచుకునే చిన్న త్రాసులో వేసింది. అతను గెలిచిన కాయ కన్నా ఎక్కువే తూగింది. గిడియన్ మళ్ళీ ఒకసారి తూచి చూశాడు.

"మరి పోటీకి పెట్టరేం?"

పెట్టకూడదు. కప్పు ఇచ్చే కోటవాళ్ళు పోటీ పడకూడదని వందేళ్ళ కట్టుబాటు. వినిఫ్రెడ్ అనే ఈ దొరసాని బడిపంతులు కూతురు. పెళ్ళితో కౌంటెస్ అయింది. భర్త పోయి ఐదేళ్ళయినా ఆ బిరుదు మాత్రం ఆమెను అంటిపెట్టుకునే ఉంది.

"ఎనిమిదేళ్ళుగా నా కాయలన్నీ అత్తగారి జామ్‌లోకే పోతున్నాయి," అని నవ్వబోయింది. కళ్ళు నిండాయి.

ఆ తర్వాత రైలు వేళలు కనుక్కునే వంకతో ఆమె, కోటలో పొదల కొమ్మలు కత్తిరించే వంకతో అతను ఒకళ్ళ దగ్గరికొకళ్ళు తిరిగారు. నెల తిరక్కుండానే ఊరు కోడై కూసింది. ఆమెకు రైలు వేళలన్నీ కంఠతా వచ్చేశాయి.

నవంబరు వానలో, ఒకే గొడుగు కింద, గిడియన్ జేబులోంచి పోటీ దరఖాస్తు తీశాడు. అడ్రసు తనది రాశాడు. పేరు దగ్గర ఖాళీ.

"నాకు తోచిన పేరొకటుంది," అన్నాడు. "అది రాస్తే మీకు బిరుదు పోతుంది."

ఆమె అతని జేబులోని పెన్ను లాక్కుని 'మిసెస్ లమ్లీ' అని రాసింది.

"నన్ను ఓడించడానికేనా?"

"అది రెండో కారణం."

అత్తగారైన ముసలి కౌంటెస్ పెళ్ళికి రాలేదు. స్టేషన్ మాస్టరు కోసం వదిలేసేపాటిదా ఆ బిరుదు అని అందరి దగ్గరా ఆడిపోసుకుంది. వినిఫ్రెడ్ కోటలోంచి తెచ్చుకున్నది ఒక్కటే, ఎప్పుడో తండ్రి దొడ్లోంచి పట్టుకెళ్ళిన గూస్‌బెర్రీ పొద. దాన్ని తోపుడు బండిలో పెట్టి ఊరి నడివీధిలోంచి తనే తోసుకుంటూ వచ్చింది.

ఆగస్టులో కాయలు తూచారు. మొదటిది మిసెస్ లమ్లీది, రెండోది మిస్టర్ లమ్లీది. కోటలో ఇప్పుడు కోడలు లేదు కనక కప్పు ఇవ్వడానికి ముసలి కౌంటెస్సే రావలసి వచ్చింది.

ఆవిడ ఆ కాయను కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది.

"ఇలాంటివా నేను ఇన్నాళ్ళూ రొట్టెకి రాసుకుని తిన్నది?" అంది. కప్పు కోడలి చేతుల్లో పెట్టి, బుగ్గ మీద ముద్దు పెట్టింది. "పుచ్చుకోవడమే బాగుంటుంది కదూ, మిసెస్ లమ్లీ?"

"చాలా బాగుందత్తయ్యా."

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఓడిపోయిన మొగుడే. వినిఫ్రెడ్ కప్పు గుండెకు హత్తుకుని అతని పక్కకు వచ్చింది.

"దిగులు పడకండి," అంది. "నిరుటి కన్నా మీ కాయ పెద్దదేనండీ."